దుప్పటి పక్కన గడి

"దుప్పటి," అంది పలక.

పెద్దావిడ మూడో దుప్పటి తెచ్చి మొగుడి మీద కప్పింది.

పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయి వారమైంది. ఆసుపత్రివాళ్లు మంచానికో మాట్లాడే పలక తగిలించారు. దాని తెర నిండా చిన్న చిన్న గడులు. నీళ్లు, దుప్పటి, నొప్పి, లైటు... వేలు పెట్టిన గడిలోని మాటను పలక పైకి అంటుంది.

"దుప్పటి," అంది మళ్లీ.

"ఇదెక్కడి చలండీ, ఒళ్లంతా చెమటలు కారుతుంటే! ఇక కప్పడానికి నా చీర కొంగే మిగిలింది."

పెద్దాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడే గుమ్మంలోకి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో పళ్ల సంచి.

"ఎవరు కావాలి బాబూ?"

ఆయన చూపంతా పెద్దాయన వణికే వేలి మీదే ఉంది.

"ఆ పలకైనా పలుకుతోంది, నువ్వు పలకవేం? మూగనోము పట్టావా?"

ఆయన సంచి కిటికీలో పెట్టి, కాలీడ్చుకుంటూ వచ్చి పలక మూలన వేలు నొక్కిపట్టాడు. గడుల అంచులు మెరిశాయి.

"అయ్యయ్యో, ముట్టుకోకు! అది ఆరిపోతే మళ్లీ లేవడానికి అరగంట పడుతుందని నర్సమ్మ మరీ మరీ చెప్పింది!"

ఆయన దాన్ని ఆపనే లేదు. అది నడుస్తుండగానే ఒక గడి అంచు పట్టుకుని, తడిబట్టను లాగినట్టు సాగదీశాడు. నొప్పి గడి సగం తెరంత అయింది. దుప్పటి గడి గోరంతై మూలకు జరిగింది. జరుగుతూ జరుగుతూ పెద్దాయన వేలికి తగిలి, "దుప్పటి" అని ఒకసారి అరిచింది కూడా.

ఇక వేలు పక్క గడిలోకి తప్పిపోవడానికి చోటు లేదు.

"నొప్పి. నొప్పి. నొప్పి."

పెద్దావిడ గబగబా దుప్పట్లు లాగేసింది. పొట్ట రాయిలా బిగుసుకుపోయి ఉంది.

"నర్సమ్మా!" అని ఆవిడ పెట్టిన కేకకు వార్డు వార్డంతా కదిలింది.

సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది. పేగు మెలిపడిందట.

"ఇంకో గంట దుప్పట్లు కప్పుతూ కూర్చుంటే మనిషి దక్కేవాడు కాదమ్మా," అన్నాడు డాక్టరు.

పెద్దావిడ నడవా ఈ చివర నుంచి ఆ చివరకు వెతికింది. మనిషి లేడు. పళ్ల సంచి కిటికీలోనే ఉంది.

"ఏ తల్లి కన్న బిడ్డో, నా ఇల్లు నిలబెట్టాడు. నేను చూడు, నోటికొచ్చినట్టల్లా అన్నాను. పోయేముందు ఒక్క మాట చెప్పకూడదూ! రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుందును."

నర్సు సంచి వంక చూసింది. "కర్ర పట్టుకుని, కాలీడుస్తూ వచ్చాడా?"

"ఆఁ, ఆయనే. నీకు తెలుసా?"

"మీకంటే ముందు ఈ మంచం మీద మూడు నెలలున్నాడు పెద్దమ్మా. కాలొచ్చింది గానీ మాట రాలేదు. అన్నాళ్లూ ఈ పలకే ఆయన నోరు."