నాలుగో రాయి తర్వాత వంపు

“ఈ వంపు నువ్వే గీశావు. ఒప్పుకో,” అన్నాడు సర్వే అధికారి దుబే.

భోపాల్‌పట్నం డాక్ బంగళాలో బల్ల మీద అటవీ హద్దు పటం పరిచి ఉంది. నాలుగో హద్దురాయి నుంచి ఐదో రాయి దాకా తిన్నగా పోవాల్సిన ఎర్రగీత మధ్యలో పక్కకు వంగింది. హుంగాగూడెం పొలాలను అడవికి బయట వదిలేసి, మళ్లీ దారిలో పడింది. ఆ వంపులో నలభై ఎకరాలు ఉన్నాయి.

“నేను సాఫు నకలు తీశానంతే సార్. అమీను కొలతల పుస్తకంలో ఉన్న అంకెలే గీశాను,” అన్నాడు వెంకటనారాయణ.

“పుస్తకం చెదలు తినేసింది. కొలిచిన అమీను చచ్చిపోయాడు. మిగిలింది నువ్వూ, నీ పటమూ.”

వెంకటనారాయణ బస్తర్ దర్బారు ఇచ్చే స్కాలర్‌షిప్పు మీద నాగపూరులో బి.ఎస్సీ. గణితం చదువుతున్నాడు. ఇంకొక్క ఏడాది మిగిలింది. కిందటి వేసవి సెలవుల్లో సర్వే ఆఫీసులో పటాలు గీశాడు.

“దర్బారు నిన్ను లెక్కలు చదవమని పంపింది. నువ్వేమో సాయంత్రం కాగానే కాలేజీ పక్కనున్న బొమ్మల స్కూలుకు పోతున్నావట. అక్కడ నేర్పేది వంపులేగా?”

“ఉన్నది ఉన్నట్టు గీయమని నేర్పుతారు సార్.”

“జవాబులు కూడా నేర్పినట్టున్నారు.” దుబే కలం మూత పెట్టాడు. “గీత వంచినవాడి పేరు నాకు కావాలి. రేపు సాయంత్రం దాకా చూస్తాను. తేలకపోతే నీ పేరే రాస్తాను. స్కాలర్‌షిప్పు బంద్.”

వెంకటనారాయణ స్కేలు తీసి వంపు మొనను కొలిచాడు. పటం అంచున నాలుగు వరసల లెక్క వేశాడు.

“నాలుగో రాయి దగ్గర నుంచి నలభై రెండు గొలుసుల దూరం. సూటి గీతకు పదకొండు డిగ్రీలు తూర్పుగా. అమీను ఊరికే పక్కకు తిరగడు. అక్కడ ఏదో అడ్డం ఉండాలి. లేకపోతే నా పేరే రాసుకోండి.”

మర్నాడు పొద్దున్నే బయలుదేరారు. దారి నరకడానికి గొడ్డళ్లతో నలుగురు, కొలత గొలుసు పట్టడానికి ఒక ముసలి దోర్ల తెగ మనిషి గూడెం నుంచి వచ్చారు. ఆ ముసలాయన్ని ఊరంతా మామ అంటున్నారు. వెంకటనారాయణా అలాగే పిలిచాడు. దుబే మాత్రం “ఏయ్ గొలుసూ” అన్నాడు. లక్మే అనే ఒకామె సొరకాయ బుర్రతో జావ పట్టుకుని వెనకాలే నడిచింది.

“గుక్కెడు తాగకుంట ఉరుకుతవేంది ముసలోడా? సాబ్ జీతమిస్తడా నీకు?” అని మామను తిట్టింది. మామ గటగటా తాగి గొలుసు అందుకున్నాడు.

నలభై రెండో గొలుసు పడ్డచోట, పొలం అంచున, నిలువెత్తు రాయి నిలబడి ఉంది. దాని పైకొసకు నల్లటి తోక కట్టి ఉంది.

వెంకటనారాయణ ఊపిరి వదిలాడు.

“ఏమిటిది?” అన్నాడు దుబే.

“చచ్చినోని రాయి సాబ్,” అన్నాడు మామ. “మా దాంట్ల మనిషి పోతే రాయి నిలబెడతం. దినానికి కోసిన ఎద్దు తోక దానికి కడతం. ఆ జాగ ఇంక ఆయనదే. అమీన్‌సాబ్ దండం పెట్టి చుట్టు తిరిగి పోయిండు.”

“ఎవడి రాయి?”

“బిజ్జాది.”

“ఎలా పోయాడు?”

“పులి సాబ్. అమీన్‌సాబ్ వచ్చే ముంగట, ఎండకాలం. ఇప్పపువ్వు ఏరనీకి పోయిండు. ఎన్క నుంచి వచ్చి మెడ పట్టింది.” మామ తన మెడ తడుముకున్నాడు.

“నువ్వు చూశావా?”

“నాకంటే దగ్గర ఎవలున్నరు సాబ్?”

“మంచివాడేనా?”

“శానా మంచోడు. ఊరికి పనికొచ్చిండు.”

లక్మే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

“ఈమెకేమైంది?”

“బిజ్జా పెండ్లాం సాబ్.”

దుబే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. “ఈ రాయి పీకించి గీత తిన్నగా చేస్తే?”

గూడెం నుంచి వచ్చిన ఆ నలుగురి గొడ్డళ్లు భుజాల మీదే ఉన్నాయి. మామే అన్నాడు: “పీకు సాబ్. పీకినోని ఇంటికి బిజ్జా వస్తడు. ఆయనకు దారి ఎరికే.”

దుబే టోపీ పెట్టుకున్నాడు. “ఏయ్ లెక్కల పండిట్, నీ బొమ్మల చదువు పనికొచ్చింది. రాయి గీయి. ఫైలులో పెడతాను.”

వెంకటనారాయణ గంటసేపు గీశాడు. దుబే కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

“రాయి బాగుంది. తోకే కుదరలేదు. తాటి నారలా ఉంది.”

వెంకటనారాయణ తలెత్తి రాయికి కట్టిన తోకను చూశాడు. మళ్లీ కాగితాన్ని చూశాడు.

“ఇంకా నేర్చుకుంటున్నాను సార్.”

దుబే బొమ్మ కిందే రాశాడు: ‘హద్దు సరైనదే. వంచినవారెవరూ లేరు. స్కాలర్‌షిప్పు కొనసాగించవలెను.’ సంతకం పెట్టి, గుర్రమెక్కి జగదల్‌పూర్ దారి పట్టాడు.

కాగితం ఇంకొకటి మిగిలింది.

“కూర్చో మామా. నీ బొమ్మ గీస్తాను. నువ్వు చెప్పబట్టే నా చదువు నిలబడింది.”

“నా మొకం ఎవలు చూస్తరు అల్లుడా?”

“నాగపూరులో మా డ్రాయింగు మాస్టారు చూస్తారు.”

“నాగపూరా? దూరమే గద. అయితే గీయి.”

గీయడం అయ్యాక వెంకటనారాయణ పెన్సిలు మొన చెక్కాడు. “కింద పేరు రాయాలి మామా. నీ పేరేమిటి?”

మామ గుర్రం పోయిన దారి వైపు చూశాడు. దుమ్ము అణిగిపోయింది.

“బిజ్జా.”