ముదురు నారు

"సంతకం పెట్టమ్మా. వరదను తట్టుకునే ఈ కొత్త వరి మీ నేలకి పనికిరాలేదని రాశాను, అంతే," అంటూ వ్యవసాయాధికారి గట్టు మీదే ఫైలు చాపాడు. రుమాలు ముక్కు మీంచి తీయలేదు.

వరద తీసిన మడి కుళ్లి కంపు కొడుతోంది. పంట పోయిన మాట నిజమే కదా అని కోడలు కలం అందుకుంది.

"ఆగవే," అంది అత్త, బురదలోంచి. "అయ్యా, నెల లోపు నారు నాటమన్నది మీరే. నాట్లకి రిబ్బను కత్తిరించే పెద్దాయనకి తీరిక లేదని నారుకి అరవై రోజులు నిండేదాకా ఆపిందీ మీరే. ముదురు నారు వరదనేం తట్టుకుంటుంది?"

"కొత్త రకం, ముదిరినా ఏం కాదని అప్పుడు మీరే అన్నారు," అంది కోడలు.

"విత్తనం మంచిదని రాస్తే తప్పెవరిదని అడుగుతారమ్మా. నా ఉద్యోగం పోతుంది."

"ఇలాగే రాస్తే వచ్చే ఏడు ఈ విత్తనం ఇస్తారా?" అని అడిగింది కోడలు.

"ఈ చుట్టుపక్కల ఎవరికీ ఇవ్వరు."

"మీ కుర్చీ కోసం ఊళ్ల నోట్లో మట్టి కొడతారన్నమాట," అని అత్త ఉమ్మేసింది.

కోడలు ఫైలు దగ్గరికి లాక్కుంది. రిబ్బను కత్తిరించిన రోజు కత్తెర పళ్లెం పట్టుకుని, ఫొటోలో నవ్వుతూ నిలబడింది తనే.

అధికారి రాసిన వాక్యాన్ని కొట్టేసింది. "రిబ్బను కోసం అరవై రోజుల ముదురు నారు నాటాం," అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.