కమిటీ పట్టుకుపోయిన బొమ్మ

పొద్దుటినుంచి రిమ్మా పావ్లోవ్నా హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. సాయంత్రం ప్రదర్శన ప్రారంభం. సరిగ్గా ఉన్న ఫ్రేములనే మళ్ళీ మళ్ళీ సరిచేస్తోంది. తెప్పించుకున్న టీ కిటికీ గట్టు మీద చల్లారిపోయింది.

ఆమె పీటర్స్‌బర్గ్‌లో ఒక చిన్న మ్యూజియంకి క్యూరేటర్. సోవియట్ కాలంలో ప్రభుత్వానికి గిట్టని చిత్రకారుల బొమ్మలు వెతికి తేవడం ఆమె పని. మంచాల కిందా, అటకల మీదా ప్రాణాలు దక్కించుకున్న బొమ్మలవి. అన్నిటిలోకీ ఆమె పిచ్చిపట్టినట్టు వెతికింది మాత్రం ఒక్కదాన్నే.

డెబ్బయ్యవ దశకంలో ఒక క్లబ్బులో ఆ చిత్రకారులకి ఎలాగో ప్రదర్శనకి అనుమతి దొరికింది. తలుపులు తెరిచేముందు బొమ్మల్ని తనిఖీ చేసే ప్రభుత్వ కమిటీ వచ్చింది. ఏ కమిటీ అయినా ఒట్టిచేతులతో వెళ్ళదు కదా. సవేలీ గ్లెబోవిచ్ గీసిన బొమ్మనొకదాన్ని దింపించి పట్టుకుపోయింది. ఎర్రటి రంగు మధ్యలో, తాళం వేసిన నోరు.

అప్పుడెవరో తీసిన ఫోటో రిమ్మా బల్ల మీద ఉంటుంది. ఇద్దరు మనుషులు బొమ్మ మోసుకుపోతుంటే పక్కనే సవేలీ నవ్వుతూ నిలబడ్డాడు. "గుండె అంటే అదీ" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది.

ఇంట్లోనూ ఇదే గోల. "బొమ్మలో నోటికి తాళముంది గానీ నీ నోటికి లేదే" అని మొగుడు దెప్పేవాడు.

చివరికి అది అదే క్లబ్బు నేలమాళిగలో, పాత నాటకాల తెరల వెనక దొరికింది. ఇవాళ పెద్ద గోడంతా దానిదే. కేటలాగ్ అట్ట మీదా అదే. ఆమె పేరు నిలబడినా, పోయినా దానితోనే.

మ్యూజియంలో పాత బొమ్మలు బాగుచేసే జోయాకి మాత్రం, దాన్ని శుభ్రం చేశాక, అది నచ్చలేదు.

"అట్టముక్క మీద గోడలకేసే రంగు. ఆరకముందే మోసుకెళ్ళినట్టున్నాడు, అంచుల నిండా వేలిముద్రలే."

"ఆ రోజుల్లో రంగులు దొరికేవా ఏమిటి?" రిమ్మా కసిరింది.

"అదే ఏడు గీసిన కిటికీకి దొరికాయిగా మరి?"

కిటికీ అంటే అదే ప్రదర్శనలో పెట్టిన, సవేలీదే ఇంకో చిన్న బొమ్మ. తడిమంచు పట్టిన అద్దం, గట్టు మీద రెండు మగ్గులు, అంతా బూడిదరంగు. చూస్తే దిగులేస్తుంది. అప్పట్లో దిగులు కూడా నేరమే. అయినా ఆనాటి కమిటీ దానివైపు కన్నెత్తి చూడలేదు. ఎర్రబొమ్మ పక్కన వెలవెలబోతోందని పొద్దున రిమ్మా కూడా దాన్ని స్టోర్‌రూముకి పంపేసింది.

పంపిందే గానీ మనసు పీకుతోంది. ముసలాయన సవేలీ లూగా ఊరి నుంచి రైల్లో వస్తున్నాడు. మొన్న ఫోన్లో అడిగాడు కూడా.

"నా కిటికీ పెడుతున్నావా అమ్మాయ్? చూపు మసకబారుతోంది. ఇంకొక్కసారి దాన్ని జనం మధ్య చూసుకోవాలి."

"మీరు రండి సవేలీ గ్లెబోవిచ్. మీకో బహుమానం ఉంది" అని మాట దాటేసింది. ఎర్రబొమ్మ దొరికిన సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన మొహం వెలగడం కళ్ళారా చూడాలని ఆమె ఆశ.

హాలు నిండుతుండగా ఆయన వచ్చాడు. టోపీ మీది మంచు దులుపుకుని, ఒక్కో గోడా దగ్గరగా వెళ్ళి వెతుక్కుంటూ నడిచాడు.

"కిటికీ ఏదమ్మా?"

"చోటు చాల్లేదండీ. లోపల భద్రంగా ఉంది. ముందు ఇటు రండి" అంటూ రిమ్మా ఆయన చెయ్యి పట్టుకుని పెద్దగోడ దగ్గరికి తీసుకొచ్చి, తెర లాగింది.

చప్పట్లు మోగాయి. ముసలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వాళ్ళు ఎత్తుకుపోయినదాన్ని మీకు తెచ్చిచ్చాను" అంది రిమ్మా.

ఆయన ఆమె చేతిని మెల్లగా తట్టి, నలుగురికీ వినబడకుండా చెప్పాడు.

"తల్లీ, కమిటీ కన్ను నా కిటికీ మీద పడకూడదని, వాళ్ళు పట్టుకుపోవడం కోసమే నేను గంటలో పూసి తగిలించిన దిష్టిబొమ్మ ఇది."