గోడ వెనక రిజిస్టర్

గోడ కూల్చే రోజున ఎర్మిండా ఆరింటికే వచ్చి లైబ్రరీ ముందు నిలబడింది. మేస్త్రీ ఎనిమిదింటికి గానీ రాడని తెలుసు. అయినా ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

పుంతా సలీనా లైబ్రరీ మూతపడి తొమ్మిదేళ్ళు. సముద్రపు ఉప్పుగాలి కిటికీల్ని తినేసింది, కప్పు కారి బీరువాలు కుళ్ళిపోయాయి. ఇన్నాళ్ళకి మున్సిపాలిటీ రిపేరు మొదలుపెట్టింది. సగం లైబ్రరీ, సగం టూరిస్టు ఆఫీసట. ఆ సగమైనా దక్కుతుందన్న నమ్మకం ఊళ్ళో ఎవరికీ లేదు. ఎర్మిండాకి ఆ గొడవే పట్టలేదు. ఆమెకి కావలసింది వెనక గదిలో గోడ వెనకున్న రిజిస్టర్. అందులో దార్దో సంతకం.

దార్దో ఆమె అన్న. మిలిటరీ రాజ్యంలో, ఓ జూన్ పందొమ్మిదిన, చదవకూడని పుస్తకాలు చదివాడని సైనికులు ఇంటికొచ్చి పట్టుకెళ్ళారు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్ళు, ఆమెకి పదహారు. రాజధాని మాంటెవీడియోలో జైళ్ళన్నీ వాళ్ళమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. మనిషీ లేడు, శవమూ లేదు. ఫోటోలూ నోటుపుస్తకాలూ సైనికులు మూటగట్టుకుపోయారు. మిగిలిన కాగితాలు భయంతో అమ్మే పొయ్యిలో పెట్టేసింది. నలభై ఎనిమిదేళ్ళయింది. అన్న ముఖం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. వాడి చేతిరాతైనా ఒక్కసారి చూసి పోవాలని ఆమె కోరిక.

ప్రతి శనివారం వాడు లైబ్రరీ రిజిస్టర్లో సంతకం పెట్టి ఒక పుస్తకం తెచ్చుకునేవాడు. ఆ రిజిస్టర్ ఇమ్మనే లైబ్రేరియన్ ఎవారిస్తో గారిని సైనికులు రెండు పళ్ళు రాలేలా కొట్టారు. అయినా ఆయన ఇవ్వలేదని, నిషేధించిన పుస్తకాలతో పాటు దాన్నీ అరలో పెట్టి గోడ కట్టేశాడని ఊరంతా చెప్పుకుంటారు. కొత్త లైబ్రరీకి ఆయన పేరే పెడుతున్నారు. బోర్డు కూడా రాయించేశారు.

మరి రిజిస్టర్ దొరకనప్పుడు దార్దో పేరు వాళ్ళకెలా తెలిసింది? సైనికుల బారక్స్‌కి రొట్టెలు పంపేవాడు సతుర్నినో, వాడు కాక ఇంకెవడని ఊరు తేల్చేసింది. అతని కొట్టు గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఎర్మిండా అయితే అతను పోయేదాకా ఆ గుమ్మం ముందు ఉమ్మి మరీ వెళ్ళేది.

ఎవారిస్తో గారు మాత్రం ఆమెకి దేవుడు. కాకపోతే చాదస్తం ఎక్కువ. పుస్తకం చోటు కదిలిందంటే ఆ ఖాళీలో చీటీ ఉండాల్సిందే. ఏ పుస్తకం, ఎవరు తీసుకున్నారు, ఏ తేదీన. మేయరైనా సరే, ఆఖరికి తనైనా సరే. పెళ్ళాం పుట్టింటికెళ్తే మంచం మీద కూడా చీటీ పెడతాడని కుర్రకారు ఏడిపించేవారు. ఆయన కోప్పడకుండా, పెట్టాల్సిందే కదా అనేవాడు.

అంత మంచాయన ఈ గోడ విషయంలో మాత్రం మొండికేశాడు. మిలిటరీ పోయిన కొత్తలోనే తీయిద్దామంటే, దూలం దాని మీదే ఉంది, కప్పు కూలుతుందన్నాడు. రిపేరు మాట వచ్చిన ఈ మూడేళ్ళలో వద్దంటూ అర్జీల మీద అర్జీలు పెట్టాడు. ఎర్మిండా ఎన్నిసార్లు కదిపినా ఒకటే మాట, నేను కట్టిన గోడ, దాన్నలా ఉండనీ తల్లీ అని. కట్టుకున్న చేతికి మమకారం పోదు కాబోలనుకుంది.

ఎనిమిదింటికి ఆయనా వచ్చాడు, కర్ర ఊతంగా. ఎనభై దాటిన ఒళ్ళు వణుకుతోంది. ఎర్మిండా కుర్చీ వేసి, ఫ్లాస్కులోని వేణ్ణీళ్ళు పోసి, గొట్టంతో పీల్చే మాటే అనే ఆకు టీ కలిపిచ్చింది. ఆయన గొట్టం నోట్లో పెట్టుకున్నాడు గానీ పీల్చలేదు.

"ఇప్పటికైనా ఆపమని చెప్పమ్మాయ్. నువ్వు చెప్తే వింటారు."

"సంతకం చూసుకుని ఆపమంటాలెండి," అని నవ్వింది.

"చూసి ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను. వేలితో తడుముకుంటా."

ఆయన మాటే గ్లాసు కింద పెట్టేశాడు.

మేస్త్రీ రూబెన్ సుత్తి ఎత్తాడు. నాలుగు దెబ్బలకి ఇటుకలు జలజలా రాలాయి. దూలం కదల్లేదు, కప్పూ కూలలేదు. ఈ గోడ మీద బరువేమీ లేదు కదా పెద్దాయనా, ఇన్నేళ్ళూ ఎవరిని బెదిరించారని మేస్త్రీ వేళాకోళం చేశాడు. ముసలాయన నేల చూస్తూ కూర్చున్నాడు.

లోపల రెండు అరలు. మైనంగుడ్డలో చుట్టిన పుస్తకాలు. తేమకి పేజీలన్నీ అతుక్కుపోయి అట్టల్లా అయ్యాయి. వాటిలో ఒక్కటి కూడా ఇక ఎవరూ చదవలేరు. ఎర్మిండా ఒక్కొక్కటే విప్పి చూసి మేస్త్రీ చేతికిచ్చింది. కింది అర అయిపోయింది. పై అర కూడా అయిపోయింది. చివర్లో రిజిస్టర్ పట్టేంత ఖాళీ మాత్రం మిగిలింది.

"రిజిస్టర్ ఏదండీ?"

ఆమె ఆ ఖాళీలోకి చెయ్యి పెట్టి, గోడకి ఆనించి నిలబెట్టిన ఓ చిన్న అట్టముక్క బయటికి తీసింది. దుమ్ము దులిపి, కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తెచ్చుకుంది.

ఎవారిస్తో గారి ముత్యాల్లాంటి అక్షరాలే: సభ్యుల రిజిస్టర్, తీసుకున్నవారు బారక్స్ కెప్టెన్, తేదీ జూన్ పద్దెనిమిది.