పద్దెనిమిది గుండుసూదులు

కోడలి పరుపు కింద దొరికిన నవలను యోస్ట్ రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, చచ్చిన ఎలుకను పడేసినట్టు వంటింటి బల్లమీద పడేశాడు.

ఒహాయోలో, సోకులన్నీ పాపమనే ఆ ఆమిష్ క్రైస్తవ సంఘానికి ఆయన డీకన్. తప్పు చేసినవాళ్ళ గడప తొక్కి నిలదీసే పని ఆయనదే. ఈసారి గడప దాటాల్సిన అవసరం లేకుండా పోయింది.

కోడలు లవీనా గోడకు ఆనుకుని తలవంచుకుంది. భార్య మలిండా బల్ల దగ్గర యాపిల్ పళ్ళ తొక్క తీస్తోంది.

యోస్ట్ కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. "ఎర్ర ముఖమల్ గౌను. అంచున మూడు వరసల ముత్యాలు. చేతులకు జానెడు లేసు. నడుము చుట్టూ బంగారు జరీ. వెనక ఏడు గజాల కుచ్చిళ్ళు, వాటిని మోసేందుకు ఇద్దరు దాసీలు..."

మలిండా మొహం చిట్లించింది. ఎర్ర ముఖమల్! పైగా దానికి ముత్యాలు!

"ఛీ," అంది. "ఇంత రోత ఎలా అచ్చేశారో."

"విన్నావా? మీ అత్తకే డోకొస్తోంది," అన్నాడు యోస్ట్ కోడలితో.

పేజీన్నర చదివినా కథలో పిల్ల ఇంకా మెట్లు దిగలేదు. నెమలీకల విసనకర్ర వచ్చేసరికి మలిండా తొక్కతోపాటు సగం పండు చెక్కేసింది. ఆ వాక్యం మళ్ళీ చదవమని కూడా అడిగింది. రెండోసారి విన్నాక ఆమె మొహం ఇంకా మాడిపోయింది.

ఉన్నట్టుండి యోస్ట్ గొంతు నెమ్మదించింది.

"చెలికత్తె ఆ గౌనును నడుము నుంచి మెడదాకా పద్దెనిమిది గుండుసూదులతో బిగించింది. ఒక్క మొన కూడా పైకి కనబడలేదు."

ఆయన పుస్తకం మూసేశాడు. బయటి ఆడవాళ్ళ గౌన్లకు బొత్తాలుంటాయి, జిప్పులుంటాయి. రోజూ పొద్దున్నే గౌనుకు గుండుసూదులు గుచ్చుకునేది తమ ఆడవాళ్ళే.

"ఇది రాసింది మనవాళ్ళే. నువ్వే కదూ?"

"నేను రాయలేదు మామయ్యా. ఊళ్ళో పాత పుస్తకాల కొట్లో కొనుక్కున్నాను, అంతే."

ఆయన నమ్మలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘమంతటి ముందూ మోకరిల్లాలన్నాడు. ఆపైన ఆరు వారాలు వెలి. వేరే బల్లమీద తిండి. ఆమె చేత్తో ఇచ్చిన కంచం కట్టుకున్నవాడు కూడా అందుకోకూడదు. లవీనా ఏడుపు ఆపుకోలేకపోయింది.

మలిండా కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకుంది. ఆ పేజీ మొదటినుంచి చివరిదాకా తనే చదువుకుంది. అసహ్యంగా దాన్ని బల్లమీదకు తోసేసింది.

"ఆ పిల్లను వదిలెయ్యవయ్యా," అంటూ ఆమె వంటింటి నేలమీదే మోకరిల్లింది, "గుండుసూదులు నావే, కానీ ఆ ఎర్ర ముఖమలూ ముత్యాలూ అచ్చువాళ్ళు దూర్చినవి, నేను రాసి పంపింది లేతాకుపచ్చ పట్టు."