మోకాలి లోతు

మేస్త్రి వచ్చేసరికి పెరట్లో ఒక పెద్దాయన పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ రోజు కూలీ చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టాడు. ఇంటావిడే ఎవరినో మాట్లాడిపెట్టి ఆఫీసుకు వెళ్ళి ఉంటుందనుకుని మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు.

"జానెడు తవ్వితే చాలు. ఇసుక పోసి బండలు పరిచేద్దాం."

పెద్దాయన తలూపాడు. చెరోవైపు నుంచీ మొదలుపెట్టారు.

ఈ ఏడాది మేస్త్రి పరిచిన బండలు రెండు ఇళ్ళలో కుంగాయి. ఇక్కడా కుంగితే ఆ వీధిలో ఇంకెవరూ అతన్ని గడప తొక్కనివ్వరు.

మధ్యాహ్నానికి తన వైపు పూర్తయింది. తిరిగి చూస్తే పెద్దాయన మోకాలి లోతు గోతిలో ఉన్నాడు. గోడవార పడి ఉన్న కంకరతో సగం నింపి, నీళ్ళు పోవడానికి కాలువకేసి వాలు తీస్తున్నాడు.

"నేను చెప్పిందేమిటి, నువ్వు చేస్తున్నదేమిటి పెద్దాయనా?"

"తడి బంకమట్టి బాబూ. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది. కింద నీళ్ళకు దారి లేకపోతే బండ నిలవదు."

మేస్త్రికి ఒళ్ళు మండింది. తనకే పాఠాలు చెప్పేవాడు తనకు అక్కర్లేదని, ఇక దయచేయమని అన్నాడు. పెద్దాయన పార కడిగి, గోడకు ఆనించి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

గోతిని మళ్ళీ పూడ్చే ఓపిక లేక, మేస్త్రి ఆ కంకర మీదే ఇసుక పోసి మిగతా బండలు పరిచేశాడు.

వానలు పట్టాయి. ఇంటావిడ నుంచి పిలుపు వచ్చింది. మేస్త్రి బితుకుబితుకుమంటూ వెళ్ళాడు.

తన వైపు బండలు ఎగుడుదిగుడుగా లేచి బురద కక్కుతున్నాయి. పెద్దాయన వైపు ఒక్కటీ కదల్లేదు.

మేస్త్రి ఆవిడ వైపు తిరిగాడు.

"తప్పు నాదేనమ్మా. మీరు పంపిన పెద్దాయన చెబితే వినలేదు. ఎక్కడుంటాడో చెప్పండి, కాళ్ళావేళ్ళా పడి తీసుకొస్తాను."

"నేనెవరినీ పంపలేదు. ఆయన మా నాన్న. నలభై ఏళ్ళు పునాదులు తీసిన మనిషి. వయసు మీద పడిందని మేమే పార ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదు."

మేస్త్రి ఇంటిలోపలికి తొంగిచూశాడు.

"పోయిన నెల నిద్రలోనే పోయారు" అంది ఆవిడ మెల్లగా. "మీరు పని ముగించిన రోజు సాయంత్రమే, వానలకు ఒకవైపు బండలు లేస్తాయని, కోప్పడకుండా మళ్ళీ ఆ మేస్త్రినే పిలవమన్నారు, ఇక మీదట అతని పని ఎక్కడా కుంగదని చెప్పారు."