గంగజాతర ఫిర్యాదు

“కేసు రాసుకోండి మేడమ్! బండ వేషం కట్టుకోని ఆ బాలచంద్ర మా వీధంతా బూతులు తిట్టినాడు” అంటూ మునివెంకటప్ప ఆయాసపడుతూ స్టేషన్లోకి వచ్చాడు.

ఎస్సై రూపశ్రీకి ప్రాణం లేచొచ్చింది. కాకినాడ నుంచి తిరుపతికి వచ్చి నెల కాలేదు, గంగజాతర ఆమెకు కొత్త. మగాళ్లు ఒంటినిండా కుంకుమ పూసుకుని కనబడ్డవాళ్లనల్లా బూతులు తిడుతుంటే పొద్దుటి నుంచి ఒళ్లు మండిపోతోంది. తిట్లు తిన్నవాడు ఒక్కడూ ఫిర్యాదు ఇవ్వడే!

“కూర్చోండి. ఎవరెవర్ని తిట్టాడు?”

“ఎదురింటి గంగులమ్మని తిట్టినాడు. పక్కింటి లెక్కల అయ్యవారిని, ఆయన పెండ్లాన్ని, ఇంటికొచ్చిన సుట్టాల్ని గూడా వదల్లా.”

“మరి మిమ్మల్ని?”

మునివెంకటప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. “అదే గదా మేడమ్ కేసు! మా వాకిట్లోకి వచ్చి, నా మొగం సూసి, నోరు మూసుకోని పోయినాడు.”

రూపశ్రీ పెన్ను కింద పెట్టేసింది.

“జాతరలో వేషం కట్టినోళ్ల సేత తిట్టు తింటే అమ్మ సల్లగా సూసినట్టు మేడమ్. తిట్టకుండా పోతే ఆ ఇంటికి మంచిది కాదు” అని హెడ్ కానిస్టేబుల్ మునిరత్నమ్మ వివరించింది.

“నా కోడలికి నెలలు నిండినాయి మేడమ్. పొద్దున్నుంచి ఏడస్తానే ఉండాది. స్నానం చేసినాడంటే వాడి వేషం తీరిపోతాది. ఆలోగా నన్ను తిట్టించండి!”

బాలచంద్రను జీపులో తీసుకొచ్చారు. అతను కూర్చున్న కుర్చీ అంతా కుంకుమైంది.

“ఈయన్ని తిట్టేయవయ్యా, పీడా పోతుంది” అంది రూపశ్రీ.

“తిట్టను మేడమ్. మొన్న గోడ తగువులో తిట్టినానని ఈయప్పే కేసు పెట్టి, ఇంక తిట్టనని తహసీల్దారు ముందర కాయితం రాయించి నన్ను బైండోవర్ చేయించినాడు. ఈయప్పని ఒక్క మాటన్నా నన్ను లోపలేస్తారు.”

“అది నువ్వు తిట్టిన తిట్టు రా అబ్బా! ఇది అమ్మ తిట్టు గదా!” అని మునివెంకటప్ప బతిమాలాడు.

“కాయితంలో అట్లా రాయించినావా అన్నా?”

రూపశ్రీ తహసీల్దారుకు ఫోన్ చేసింది. దరఖాస్తు పెట్టుకోమనండి, జాతర అయ్యాక విచారణ జరిపి చూద్దాం అన్నాడాయన.

మునివెంకటప్ప ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఎంత లేపినా లేవడు. ఇక ఓపిక చచ్చిపోయి, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి చెవిన పడ్డ బూతులన్నీ కలిపి గోదావరి యాసలో అతన్ని ఉతికి ఆరేసింది రూపశ్రీ. అతను చేతులు జోడించి, కళ్లు మూసుకుని, ఒక్కటి కూడా పోనివ్వకుండా విన్నాడు. “సాలు తల్లీ, సాలు. ఈ కాకీ గూడా వేషమే” అని కళ్లొత్తుకుని ఇంటికి పరుగెత్తాడు.

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. బందోబస్తు తనిఖీకి వచ్చిన డీఎస్పీ తిరుమలయ్య అప్పటిదాకా అక్కడే నిలబడి అంతా విన్నాడు. ఉద్యోగం ఊడిందనుకుని రూపశ్రీ సెల్యూట్ కొట్టింది.

ఆయన లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“మాదీ ఈ ఊరేనమ్మా. ఈ యూనిఫాం సూసి పొద్దున్నుంచి నన్ను ఒక్కడూ తిట్టలా” అంటూ ఆమె ముందు తల వంచాడు.